నక్కా, తంగేడూ

మన భాషలో నక్కకు జరిగినంత మర్యాద మరే జంతువుకూ జరగలేదు. ఎవరికైనా అనుకోకుండా నాలుగు డబ్బులు కలిసివస్తే "నక్కతోక తొక్కి వచ్చావా?" అంటాము. నవ్వుతూ గొంతు కోసేవాణ్ణి "వట్టి గుంటనక్క" అంటాము. అవసరానికి మించి వంగి దండం పెట్టేవాడిది నక్కవినయం. పొంతన లేని రెంటిని పోలిస్తే "నక్క ఎక్కడ, నాకలోకం ఎక్కడ!" అని తేల్చేస్తాము. సామెతల్లో ఇంత సుఖంగా కాపురం చేస్తున్న ఈ ప్రాణి, నేలమీద ఎక్కడ కాపురం ఉంటున్నదో మాత్రం ఎవరమూ విచారించము.

తంగేటికి ఇంత ప్రతిష్ఠ లేదు. మా అనంతపురం వైపు దాన్ని ఎవరూ నాటరు, నీళ్ళు పోయరు, పొగడరు, తిట్టరు. అది ఉన్నదంటే ఉన్నది. ఇంటి ముందు అరుగు ఉన్నట్టు, ఊరి బయట తంగేడు ఉన్నది.

ఈ రెంటినీ కలిపి ఆలోచించే యోగం నాకు మా మనవడి వల్ల పట్టింది. వాడు బెంగుళూరులో ఆరో తరగతి. వేసవి సెలవులకు మా ఊరు వస్తూ బడివాళ్ళు ఇచ్చిన పని ఒకటి సంచిలో వేసుకొచ్చాడు. "మీ ప్రాంతంలో విరివిగా దొరికే ఒక అడవి మొక్కనూ, అపాయంలో ఉన్న ఒక అడవి జంతువునూ తీసుకొని పోల్చి రాయుము." ముప్ఫై ఏళ్ళు పిల్లలకు ఇట్లాంటి ప్రశ్నలే ఇచ్చి, జవాబులు దిద్ది, పెన్షను పుచ్చుకుంటున్నవాణ్ణి. తాత ఉండగా మనవడికి లోటేమిటి? మొక్క తంగేడు, జంతువు నక్క అని ఇద్దరమూ తీర్మానించుకున్నాము. వాడు కాగితం మధ్య గీత గీసి, ఎడమవైపు "మొక్క కదలదు" అనీ, కుడివైపు "నక్క కదులుతుంది" అనీ రాసి, సగం పని అయిపోయినట్టు పెన్సిలు కింద పెట్టాడు.

వాడు రాసింది తప్పని ఏ పంతులూ అనడు. కానీ ఆ రెండు మాటలూ నన్ను చాలా రోజులు వదలలేదు. ఎందువల్లనంటే, మా ఊళ్ళో జరిగింది సరిగ్గా దీనికి తిరగబడి ఉన్నది.

మా ఊరు కళ్యాణదుర్గం వైపు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుందని లెక్కల్లో ఉంటుంది. ఆ సగటు ప్రకారం కురిసిన సంవత్సరం మాత్రం అరుదు. ఎర్రనేల, బండరాళ్ళు, గుట్టలు, వాటి నడుమ బీడు. బీడంటే ఏమీ లేని చోటని పట్నంవాళ్ళ ఉద్దేశం. నిజానికి అక్కడ బోదగడ్డి ఉంటుంది, రేగుపొదలు ఉంటాయి, బలుసు ఉంటుంది, పుట్టలు ఉంటాయి, వీటన్నిటి మధ్యా తంగేడు ఉంటుంది. మొదటి వాన పడ్డ పది రోజులకు అది పచ్చగా మారే తీరు చూస్తే, ఇన్నాళ్ళూ ఇదంతా ఎక్కడ దాక్కున్నదా అనిపిస్తుంది.

ముందు తంగేడు సంగతి చూద్దాము. దాని వేరు లోతుకు దిగుతుంది. నరికితే మొదట్లోంచి మళ్ళీ చిగురిస్తుంది. మేక తినని ఆకు లేదంటారు గానీ, తంగేటాకు దగ్గరకు వచ్చేసరికి మేక కూడా మొహం తిప్పుకుంటుంది. కరువు సీమలో బతకడానికి ఇంతకంటే పెద్ద వరం ఏముంటుంది? మిగతా చెట్లన్నీ మోడులై నిలబడ్డ ఏడాది కూడా అది పసుపుపచ్చగా పూస్తుంది, తుమ్మెదలు దాని చుట్టూ ముసురుతాయి.

దానికి ఇంకొక గుణం ఉన్నది. మనిషి ఏది మిగిలిస్తే అది చాలునంటుంది. బీడు దున్నేశారా, చేనిగట్టు మీదికి చేరుతుంది. గట్టు చదును చేశారా, రోడ్డు వారకు వస్తుంది. రోడ్డు వెడల్పు చేశారా, రైలుకట్ట ఎక్కుతుంది. శ్మశానమైనా, చెరువుకట్ట అయినా, కూలిపోయిన బావి అంచైనా దానికి అభ్యంతరం లేదు. కదలని మొక్క అని మా మనవడు రాశాడే, అది నా కళ్ళముందే ఊరంతా తిరిగింది.

మనిషితో దానికి పాత పరిచయమే. మా చిన్నప్పుడు పొద్దున్నే పళ్ళు తోముకోవడానికి తంగేటిపుల్ల ఉండేది. కొమ్మలు నరికి మడికి పచ్చిరొట్ట వేసేవారు. దాని బెరడు వగరు కనుక తోళ్ళు పదును చేయడానికి పనికివచ్చేది. చెన్నపట్నం రాజధాని రోజుల్లో ఆ బెరడుతో పదునైన తోళ్ళు ఓడలెక్కి ఇంగ్లండు దాకా వెళ్ళాయి. తరువాత దక్షిణాఫ్రికా నుంచి వాటిల్ బెరడు వచ్చింది, ఆ వెనుక రసాయనాలు వచ్చాయి, తంగేడును అడిగేవాళ్ళు తగ్గారు. అయినా దాని అదృష్టం తగ్గలేదు. తెలంగాణలో బతుకమ్మ పేర్చాలంటే తంగేటిపువ్వు ఉండవలసిందే. 2014లో ఆ ప్రభుత్వం దాన్ని రాష్ట్రపుష్పంగా ప్రకటించింది. బీటినేల మీద పుట్టి రాజముద్ర దాకా వెళ్ళింది, ఎవరు కాదనగలరు?

ఇక నక్క. ఇక్కడ ఒక్క మాట స్పష్టం చేసుకోవాలి. మనం నక్క అంటే రెండు జంతువులు ఉన్నాయి. రాత్రుళ్ళు ఊరి బయట గుంపుగా ఊళపెట్టేది పెద్ద నక్క. నేను చెప్పేది దానికంటే బాగా చిన్నది, కొంకనక్క. గుంటనక్క అని కూడా దీన్నే అంటారు. గుంట తవ్వుకొని ఉంటుంది గనుక ఆ పేరు న్యాయమైనదే, ఆ పేరుతో మనం తిట్టడం మాత్రమే అన్యాయం. బరువు 2, 3 కిలోలు. పిల్లి కంటే కొంచెం ఎత్తు. బూడిద కలిసిన మట్టిరంగు, సన్నని కాళ్ళు, మొహానికి పెద్దవనిపించే చెవులు, ఒంటికి పెద్దదనిపించే కుచ్చుతోక, ఆ తోక చివర సిరాలో ముంచినట్టు నలుపు. హిమాలయాల పాదాల నుంచి దక్షిణపు కొన దాకా, ఈ ఉపఖండంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఈ జాతి లేదు.

ఆడదీ మగదీ జంటగా కాపురం ఉంటాయి. పుష్యమాసపు చలిలో జతకట్టి, ఏడెనిమిది వారాలకు రెండు మొదలు నాలుగు పిల్లలను కంటాయి. పిల్లల పెంపకంలో తండ్రికి కూడా వంతు ఉన్నది. ఇది మన ఇళ్ళలో కొందరు వినదగ్గ సంగతి. తిండి విషయంలో పెద్ద పట్టింపు లేదు. ఎలుకలు, మిడతలు, పెంకుపురుగులు, చెదలు, తొండలు, పిట్టగుడ్లు, కాలానికి రేగుపండ్లు. శెనక్కాయ వేసే రైతుకు ఎలుకా చెదలూ ఎంత నష్టం చేస్తాయో లెక్క వేసి చూస్తే, జీతం అడగని కాపలావాడు కనిపిస్తాడు.

రెండేళ్ళ కిందట శివరాత్రి వెళ్ళిన వారానికి, మా బీట్లో గొర్రెలు మేపుకునే పెద్దాయన నన్ను పిలిచి ఒక గుంట చూపించాడు. ఒకటి కాదు, నాలుగైదు నోళ్ళున్న గుంట. చుట్టూ ఎర్రమన్ను కొత్తగా తోడి ఉన్నది.

"ఇదో అయివారూ, కొంకనక్క బొక్క. మా అబ్బ కాలం నుంచీ ఈడనే ఉండాది. నక్కలు మారినాయి గానీ బొక్క మారలే" అన్నాడు.

"గొర్రెపిల్లలను పట్టదా?" అన్నాను.

"యాడిది సామీ! పిల్లంత ఉంటాది. గొర్రెను చూస్తే అదే పక్కకు పోతాది. పాపం, దాని బతుకంతా ఎలకలూ పురుగులే."

ఇద్దరమూ బండ చాటున కూర్చున్నాము. పొద్దు వాలేసరికి రెండు చిన్న తలకాయలు బయటికి వచ్చాయి. ఒకదాని తోక ఒకటి కొరుక్కుంటూ, తంగేటిచెట్టు చుట్టూ తిరుగుతూ, మా ఇంట్లో పిల్లలు స్తంభం చుట్టూ ఆడినట్టు ఆడాయి. "మా చిన్నప్పుడు గుట్టకు ఒక జంట ఉండేది అయివారూ. ఇప్పుడు ఈ చుట్టుపక్కల నాకు తెలిసి ఇదొక్కటే" అన్నాడు ఆయన.

కదిలే జంతువు గదా, ఒకచోట కాకపోతే ఇంకొకచోటికి పోదా అని అడగవచ్చు. పోదు. పోవడానికి చోటు కావాలి. కొంకనక్కకు దట్టమైన అడవి పనికిరాదు, తడినేల పనికిరాదు. చూపు ఆనినంత మేర తెరపిగా ఉన్న గడ్డినేల కావాలి. అది దున్నకుండా ఉండాలి, ఎందుకంటే గుంట అందులోనే. తంగేడు గట్టు మీద నాలుగడుగుల వెడల్పులో సంసారం చేయగలదు. నక్కజంటకు తిరగడానికి వందల ఎకరాలు కావాలి. తంగేటికి మనం మిగిల్చిన అంచులు చాలు, నక్కకు నడిమధ్య కావాలి. ఆ నడిమధ్యే మనకూ కావలసి వచ్చింది.

మొదట శెనక్కాయ వచ్చింది. 2000 తరువాతి సంవత్సరాల్లో మా జిల్లాలో 7, 8 లక్షల హెక్టార్లలో ఒక్క శెనక్కాయే వేసిన కాలం నడిచింది. వాన నమ్ముకొని అప్పు చేసి బీళ్ళన్నీ విరిచారు. రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. తరువాత గాలిమరలు వచ్చాయి, ఆ తరువాత సూర్యుడి వంతు. నంబులపూలకుంట దగ్గర, అంటే 2022లో జిల్లా రెండుగా విడిపోయాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళిన చోట, 2016 నుంచి ఎండతో కరెంటు తీస్తున్నారు. బొగ్గు కాల్చకుండా కరెంటు రావడం మంచిదే. మా ఇంట్లో ఫ్యాను తిరిగితే నాకూ హాయిగానే ఉంటుంది. కానీ పలకలు పరిచి చుట్టూ కంచె కట్టిన నేలలో తంగేడు కంచె వారన పూస్తుంది, నక్క మాత్రం గుంట వదిలి పోవలసిందే.

మరి ప్రభుత్వం వారి పుస్తకాల్లో నక్క పరిస్థితి ఏమిటి? చట్టం ఉన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడడం నేరం. అదృష్టం వస్తుందని చెప్పి నక్కకొమ్ము అమ్మేవాళ్ళు ఉన్నారు. నక్కకు కొమ్ము ఉండదు, ఉన్నది కొనేవాడి అమాయకత్వమే. అయితే ప్రపంచమంతటి ప్రాణులకు జాతకాలు రాసే అంతర్జాతీయ సంఘం పట్టికలో మాత్రం కొంకనక్కకు "అంతగా చింతించనక్కరలేదు" అన్న వరుసలోనే చోటు దొరికింది. ఉపఖండమంతా పరుచుకొని ఉన్నది గదా అని వారి లెక్క. సంఖ్య తగ్గుతున్నదని కూడా అందులోనే రాశారు. దేశం మొత్తం మీద చింత లేకపోవచ్చు. ఒక్కొక్క ఊరి గుట్ట మీద నుంచి అది ఒక్కొక్క జంటగా పోతుంటే, ఆ పోవడం ఏ పట్టికలో ఎక్కుతుంది?

ఈ దిగులు నాకొక్కడికే పుట్టింది కాదు. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్ళపాడును 1988లో బట్టమేకపిట్ట కోసం అభయారణ్యం చేశారు. అక్కడి గడ్డినేలలో కొంకనక్కలను బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన రంజిత్ మనకడన్, అసద్ రహ్మానీ గార్లు ఏళ్ళ తరబడి గమనించి, 2000లో ఆ వివరాలు ప్రకటించారు. ఏదో జబ్బు సోకి నక్కలు ఒక్కసారిగా చచ్చిపోయిన సంగతి కూడా వారు రాశారు. మహారాష్ట్రలో షోలాపురం దగ్గరి నన్నజ్ బీళ్ళలో అబి తమీమ్ వనక్ గారు చేసిన పరిశోధన ఇంకొక కొత్త సంగతి చెప్పింది. ఊరకుక్క దగ్గరలో ఉంటే నక్క ఎదుట తిండి ఉన్నా సరిగా తినదట. పైగా కుక్కల జబ్బులు నక్కలకు అంటుకుంటాయి. మనం ఎంగిలి విస్తళ్ళు వేసి పెంచిన కుక్క, మనకు తెలియకుండానే నక్క బతుకులో వేలు పెడుతున్నదన్నమాట.

అన్నిటికంటే నాకు ఆశ్చర్యం కలిగించింది ఒక పేరు. హైదరాబాదులోని దూరగ్రాహక సంస్థవారు ఉపగ్రహపు బొమ్మలతో 2000లో దేశంలోని బంజర్ల అట్లాసు ఒకటి తయారుచేశారు. అటు తరువాత దాన్ని కొత్త లెక్కలతో మళ్ళీ మళ్ళీ వేశారు. పొదలున్న మెట్టనేల అందులో ఒక తరగతి. అంటే మా బీడు. అది వ్యర్థభూమి. నాలుగు తరాలుగా ఒకే గుంటలో పిల్లలను పెంచుతున్న నక్కనూ, ఆ గడ్డి మీదే మందను బతికించుకున్న గొర్రెల పెద్దాయననూ పిలిచి ఎవరైనా అడిగి ఉంటే, ఆ పేరు పడేది కాదు. ఒకసారి వ్యర్థమని పేరు పడ్డాక, దానిమీద ఏం చేసినా పుణ్యకార్యమే అవుతుంది.

ఇంతవరకూ లోకం సంగతి. ఇక నా సంగతి. మా తండ్రిగారు మిగిల్చిన పొలం 11 ఎకరాలు. అందులో 7 ఎకరాలు శెనక్కాయ చేను. బోరు ఎండిపోయాక దాంట్లో పండింది తక్కువ, పోసింది ఎక్కువ. మిగతా 4 ఎకరాలు ఎన్నడూ నాగలి తగలని బీడు. నక్కగుంట అందులోనే. నిరుడు సూర్యవిద్యుత్తు కోసం భూములు కౌలుకు తీసుకునే ఏజెంటు ఒకాయన వచ్చాడు. 25 ఏళ్ళ ఒప్పందం, ఏడాదికింత అని చేతికి వస్తుంది, వాన పడినా పడకపోయినా. అయితే 11 ఎకరాలూ ఒకే చెక్కగా కావాలన్నాడు.

బెంగుళూరు నుంచి మా అబ్బాయి ఫోను చేశాడు. "నాయనా, ఆ బీటి మీద ఇన్నేళ్ళలో మనకు ఒక్క రూపాయి వచ్చిందా? ఇంటి అప్పు ఉంది, వాడి చదువు ఉంది. నీకూ పెద్ద వయసు వచ్చింది." వాడన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. నేను గుంట సంగతి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

మా ఆవిడ వంటింట్లోంచి అంతా విన్నది. "బాగుంది. నక్క ఏమైనా కౌలు కడుతుందా?" అన్నది. నేను మాట్లాడలేదు. చాటలో బియ్యం చెరిగి, రాళ్ళేరి, ఎసట్లో పోశాక తనే మళ్ళీ అన్నది: "కౌలు కట్టకుండా ఇన్నేళ్ళు ఉన్నదాన్ని, ఇప్పుడు కొత్తగా ఖాళీ చెయ్యమని ఏ మొహంతో చెప్తాం? చేను ఇవ్వండి. బీడు ఉండనివ్వండి."

అట్లాగే ఏజెంటుకు చెప్పాను. 7 ఎకరాలకైతే ఎకరానికి ఇచ్చేది తగ్గుతుందన్నాడు. తగ్గిందెంతో కాగితం మీద వేసి మా అబ్బాయికి పంపాను. ఆ మొత్తం చిన్నది కాదు. వాడి పక్కన నేనున్నా లెక్క వేసుకునేవాణ్ణే. రెండు రోజులు జవాబు లేదు. మూడోనాడు "నీ ఇష్టం నాయనా" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, సంతోషమూ లేదు. దాన్ని నేను మోయవలసిందే.

ఇంత చేసినా 4 ఎకరాలు నక్కకు ఏ మూలకూ చాలవు. మా బీడు పక్కన ఊరి ఉమ్మడి మేతభూమి ఉన్నది, దాని అవతల మరి ముగ్గురి బీళ్ళు ఉన్నాయి. అవన్నీ కలిసి తెరపిగా ఉంటేనే ఆ జంట రాత్రి తిరగడానికి మేర. అందుకని ఈమధ్య సాయంత్రాలు రచ్చబండ దగ్గర కూర్చుంటున్నాను. ధర్మపన్నాలు చెప్పడం లేదు. మేతభూమి పోతే గొర్రెలు ఎక్కడికి పోతాయి, ఎలుకలు ఎక్కడికి వస్తాయి అని మాత్రం అడుగుతున్నాను. గొర్రెల పెద్దాయన నా పక్కనే కూర్చుంటాడు. ఒకరిద్దరు వింటున్నారు. ఒకరు "అయివారికి నక్కపిచ్చి పట్టింది" అని నవ్వుతున్నారు. కౌలు డబ్బు అవసరమున్న మూడో ఆయన తలవంచుకొని బీడీ కాల్చుకుంటున్నాడు. ఆయనను నేనేమీ అనలేను. మా ఇంట్లో పెన్షను ఉన్నది, వాళ్ళింట్లో లేదు. ఊరి మేతభూమి సంగతి గ్రామసభలో ఇంకా తేలవలసి ఉన్నది.

మన ఊళ్ళ పేర్లలో వీటికి రెంటికీ చోటు ఉన్నది. పల్నాడులో తంగెడ ఉన్నది. అనకాపల్లి జిల్లాలో నక్కపల్లి, హనుమకొండలో నక్కలగుట్ట ఉన్నాయి. పేర్లు పెట్టిన పెద్దలకు ఇవి రెండూ ఒక్కలాగే రోజూ ఎదురుపడే ఇరుగుపొరుగులై ఉండాలి. సాధారణమైనది, అరుదైనది అని పుట్టుకతో వచ్చే తేడా ఏదీ లేదు. మనం మిగిల్చిన చోటుతో సర్దుకున్నది సాధారణం, సర్దుకోలేనిది అరుదు.

చదివేవారికి కూడా ఒక మనవి. మీకూ ఎక్కడో ఒక సొంత ఊరు ఉండే ఉంటుంది, ఆ ఊరి బయట ఎవరూ దున్నని నేల కొంత మిగిలే ఉంటుంది. దాన్ని ఖాళీ స్థలమని కాగితం మీద సంతకం పెట్టేముందు, ఒక్క సాయంత్రం వెళ్ళి ఏ బండ చాటునో కూర్చోండి. తంగేడు ఎట్లాగూ కనపడుతుంది. పొద్దు వాలిందాకా ఓపికపట్టండి.